పెడల్ మీద ఆయన కాలు

మా ఆయన కారు డ్రైవరు. కారంపూడిలో సొంత బండి పెట్టుకుని కిరాయిలకు తిప్పేవాడు. సాగర్‌కూ ఎత్తిపోతలకూ జనాన్ని తీసుకువెళ్లేవాడు, పెళ్లిళ్లకు బండి కట్టేవాడు. నేను ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ఆయన కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిశాక కిరాయిలు ఆగిపోయాయి. బండిని మాత్రం ఉంచుకున్నాం. డయాలసిస్‌కు రోజు మార్చి రోజు నరసరావుపేట వెళ్లాలి. ఒకసారి బస్సులో తిరిగి వస్తుంటే బీపీ పడిపోయి సీట్ల మధ్య కూలబడ్డాడు. తాగి పడ్డాడనుకుని కొందరు కాళ్లు పక్కకు తీసుకున్నారు. ఆ తర్వాత ఆయన బస్సెక్కనన్నాడు. నాకు డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టాడు.

నేర్పేటప్పుడు దయ చూపలేదు. "క్లచ్చి మీద నుంచి కాలు తియ్యవే, అదేమన్నా కాళ్లు పెట్టుకునే పీటా?" అని నలుగురిలో కసురుకునేవాడు. ఆయన బాగున్నప్పుడు కూడా నన్ను అన్ని మాటలు అనలేదు. ఏడుస్తూనే నేర్చుకున్నాను.

మిరప కోతలు ముగింపుకొచ్చిన రోజులవి. సాయంత్రం డయాలసిస్ ముగించుకుని వస్తున్నాం. ఆయన పక్క సీట్లో కళ్లు మూసుకుని ఉన్నాడు. ముందు ఒక ట్రాక్టరు పోతోంది. ట్రాలీ నిండా కోతకు వెళ్లి వస్తున్న ఆడవాళ్లు. వెనక అంచున కూర్చున్న వాళ్ల కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. రోడ్డు కాలువ వంతెన వైపు పల్లంగా దిగుతోంది. బ్రేకు తొక్కాను. పెడల్ మెత్తగా కిందిదాకా పోయింది. బండి ఆగలేదు.

"బ్రేకు పడటంలా" అన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. "కొట్టి కొట్టి తొక్కు. గేరు దించు. ఇంకోటి దించు."

తొక్కుతూనే ఉన్నాను. ట్రాలీ దగ్గరకొచ్చేసింది. చివర కూర్చున్నామె నన్ను చూసి కాళ్లు పైకి లాక్కుంది. పక్కనున్నామె లాక్కోలేదు, ఆమె ఎటో చూస్తోంది. ఆయన హ్యాండ్ బ్రేకు లాగుతూ, "ఎడమకు కొయ్, మట్టిలోకి కొయ్" అన్నాడు. స్టీరింగు తిప్పాను. బండి రోడ్డు దిగి, ఎర్రమట్టి గట్టుకు గుద్దుకుని ఆగింది. ట్రాక్టరు వాడికి ఏమీ తెలియదు. వెళ్లిపోయాడు.

ఆయన హ్యాండ్ బ్రేకు లాగింది డయాలసిస్ సూదులు గుచ్చిన చేత్తోనే. కట్టు మీద రక్తం ఊరుతోంది. దాన్ని నొక్కిపట్టుకుని, "మొదటి గేరులో ఇంటిదాకా పోనీ. బ్రేకు లేదనుకునే తోలు" అన్నాడు.

మాకు తెలిసిన మెకానిక్కు తల్లి చనిపోయి మాచర్ల వెళ్లాడు. నాలుగు రోజుల దాకా రాడని వాళ్ల తమ్ముడు చెప్పాడు. వేరే బండి మాట్లాడదామంటే ఈయన ఒప్పుకోలేదు. "ఇంటికాడే చేద్దాం. నేను చెప్తా, నువ్వు చెయ్" అన్నాడు.

మర్నాడు ఆదివారం. ప్రార్థనకు మందిరానికి వెళ్లలేదు. ఆయన వేపచెట్టు నీడలో కుర్చీ వేయించుకుని, బానెట్ ఎత్తమన్నాడు. బ్రేకు ఆయిలు డబ్బాలో ఆయిలు అడుగంటి ఉంది.

"ఆయిలు ఊరికే పోదు. యాడనో కారతా ఉంది. చక్రాల లోపలి వైపు చెయ్యిబెట్టి చూడు."

ముందు చక్రాలు పొడిగానే ఉన్నాయి. వెనక ఎడమ చక్రం లోపల వేళ్లకు తడి తగిలింది. చూపించాను. వాసన చూసి, "అదే" అన్నాడు. "వీల్ సిలిండర్ పోయింది."

జాకీ ఎత్తేముందు మిగతా చక్రాలకు రాళ్లు పెట్టించాడు. పైకి లేచాక ఇరుసు కింద మొద్దు పెట్టించాడు. నేను తొందరపడితే, "జాకీని నమ్మి కిందికి దూరితే నన్నెవరు నరసరావుపేట తీసకపోతారే?" అన్నాడు. నవ్వించడానికి అన్నాడేమో, నాకు నవ్వు రాలేదు.

చక్రం విప్పాను. దాని వెనక బ్రేకు డ్రమ్ము పట్టేసుకుని ఉంది. చుట్టూ సుత్తితో తట్టి తట్టి ఊడదీశాను. లోపలంతా నల్లటి బురద. సిలిండర్ రబ్బరు చిరిగి ఆయిలు కారుతోంది. డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు షూలు ఆయిల్లో నానిపోయాయి. కిరసనాయిలుతో కడిగి మళ్లీ వేద్దామన్నాను.

"వద్దు. ఆయిలు తాగిన షూ మళ్లీ పట్టదు. రెండు పక్కలా కొత్తవి వేద్దాం."

ఎలా ఉన్నది అలాగే ఫోనులో ఫొటో తీయించాడు, ఏ స్ప్రింగు ఎక్కడుందో మర్చిపోకుండా. ఫోను చేస్తే, నరసరావుపేటలో ఆయనకు తెలిసిన షాపతను ఇంటి నుంచి వచ్చి షట్టరు తీసి, సామాన్లు మధ్యాహ్నం బస్సుకు వేశాడు.

అప్పటికి ఎండ మండిపోతోంది. ఆయన నీళ్లు కొలిచి తాగాలి. నేను చెంబెత్తి గటగటా తాగుతుంటే చూసి తల తిప్పుకున్నాడు. ఐసు ముక్క ఇస్తే నోట్లో పెట్టుకుని, "నువ్వు తాగవే, నాకోసం మానుకోమాక" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లోకి వెళ్లి తాగాను.

కొత్త సిలిండర్ బిగించాను గానీ, కొత్త షూలకు స్ప్రింగు తగిలించడం నా వల్ల కాలేదు. పట్టకారు జారిపోతోంది. ఆయన చూసి చూసి లేచి వచ్చి నేల మీద కూలబడ్డాడు. వద్దంటే వినలేదు. "ఇట్టాంటియ్యి కళ్లు మూసుకుని పెట్టేవాణ్ణి" అని లాగాడు. పట్టకారు జారింది. స్ప్రింగు ఎగిరి బొటనవేలు చీరుకుపోయింది.

చిన్న గాయమే. కానీ ఆయనకు రక్తం తొందరగా ఆగదు. తువ్వాలు చుట్టి వేలు గట్టిగా నొక్కి పట్టుకుని ఆయన పక్కనే మట్టిలో కూర్చున్నాను. తువ్వాలు తడిసిపోతే ఇంకోటి చుట్టాను. ఆయన తన చేతి వంక చూడలేదు. విప్పి పెట్టిన డ్రమ్ము వంక చూస్తున్నాడు.

"ఇంక ఇది కూడా చాతగాదన్నమాట" అన్నాడు.

రక్తం ఆగాక ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నేనే స్ప్రింగు పట్టాను. ఎన్నోసారికో పడింది. నా వేళ్ల మీద చర్మం లేచింది. రెండో పక్క త్వరగానే అయింది.

ఆఖరున లైన్లో గాలి తియ్యాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గర చిన్న నిపుల్ వదులు చేయాలి, గాలీ ఆయిలూ బయటికి రాగానే బిగించాలి. బిగించేదాకా పైన కాలు తియ్యకూడదు, తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. పక్కింటి అన్నను పిలుస్తానన్నాను.

"ఎందుకు? నా కాళ్లేమన్నా పోయినయ్యా?" అన్నాడు.

డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. జబ్బు చేశాక ఆయన ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. వాచిన పాదం చెప్పులో పట్టక ఉత్త కాలే పెడల్ మీద పెట్టాడు. నిపుల్‌కు పైపు తగిలించి, రెండో కొస సీసాలో పెట్టాను.

"తొక్కు" అన్నాను.

"పట్టుకున్నా."

నిపుల్ వదులు చేశాను. సీసాలో బుడగలు లేచాయి. బిగించాను.

"వదులు."

అలాగే మళ్లీ మళ్లీ చేశాం. మధ్యలో డబ్బాలో ఆయిలు పోస్తూ వచ్చాను. కొంతసేపటికి "పట్టుకున్నా" అనే మాట ఆలస్యంగా రావడం మొదలైంది. ఒకసారి అసలు రాలేదు. స్పానర్ పడేసి పరిగెత్తాను. స్టీరింగు మీద తల వాల్చి ఉన్నాడు. భుజం పట్టుకుని ఊపాను.

"కాలు తియ్యలేదులే. పో, వదులు చెయ్" అన్నాడు తలెత్తకుండానే.

చూస్తే, కాలు నిజంగానే పెడల్ మీద ఉంది.

బుడగలు రావడం ఆగింది. పెడల్ గట్టిపడింది. వీధి చివరిదాకా నిదానంగా తోలి, నాలుగుసార్లు ఆపి చూశాను. ఆగింది. మర్నాడు డయాలసిస్‌కు అదే బండిలో వెళ్లాం. దారిలో ఆయన ఒక్క మాట అనలేదు. నా డ్రైవింగు మీద కసురుకోకపోవడం అదే మొదటిసారి. సంతోషపడాలో భయపడాలో తెలియలేదు.

వానలు పడ్డాక ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నరసరావుపేట ఆసుపత్రిలోనే పోయాడు. శవాన్ని కారులో పంపేది లేదన్నారు ఆసుపత్రి వాళ్లు, వ్యాను మాట్లాడారు. మా తమ్ముడు వ్యానులో కూర్చున్నాడు. కారు తోలేవాళ్లు ఎవరూ లేరు. నన్ను వ్యాను ఎక్కమన్నారు గానీ బండిని అక్కడ వదిలిపెట్టబుద్ధి కాలేదు. వ్యాను వెనకే తోలుకుంటూ వచ్చాను. సిమెంటు లారీలు అడ్డం వచ్చి కాసేపటికి వ్యాను కనపడకుండా పోయింది.

ఇంటికొచ్చేసరికి ఆయన్ని దించేశారు. వాకిట్లో జనం. "కారు ఎవరు తోలుకొచ్చారమ్మా?" అని ఒక పెద్దాయన అడిగాడు. నేనేనన్నాను. షామియానా వేసేవాళ్లు బండి అడ్డంగా ఉందన్నారు. మళ్లీ ఎక్కి, పక్కింటి గోడ వారగా పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి దిగాను. అప్పుడు ఇంట్లోకి వెళ్లాను.