శనివారం బిళ్ళ

మా అమ్మ బీపీ బిళ్ళ శనివారాల్లోనే వేసుకునేది. ఆ రోజు నీసు తినేవాళ్ళు తక్కువ కాబట్టి చేపల గంప ఎత్తే పని ఉండేది కాదు. మిగతా రోజుల్లో తెల్లవారకముందే గిలకలదిండి రేవులో వేలంపాటలో చేపలు కొని, ఐసు వేసుకుని, షేర్ ఆటోలో గుడివాడ వెళ్ళి, మధ్యాహ్నం దాకా రోడ్డు పక్కన కూర్చునేది.

డాక్టరు రాసింది ఒంట్లో నీరు లాగే మందు కలిసిన బిళ్ళ. పొద్దున టిఫిను తర్వాత వేసుకోమన్నాడు. వేసుకుంటే మాటిమాటికీ ఒంటేలుకు వెళ్ళాలి. మగవాళ్ళకు ఏ గోడైనా సరిపోతుంది. ఆడమనిషి గంపను పిల్లులకు వదిలేసి ఎక్కడికి వెళ్తుంది? అందుకని బిళ్ళ మానేసింది, మంచినీళ్ళూ మానేసింది.

సాయంత్రం వేసుకోమని పోట్లాడాను.

"రాత్రంతా లేస్తా కూచుంటే, తెల్లారి పాటకి ఎవరెళ్తారే, నీ మొగుడా?" అంది.

"అయితే డాక్టరుగారికి చెప్తాను."

"మగాయనతో ఒంటేలు కబుర్లేంటే, సిగ్గులేకుండా!"

ఇంతలో కార్తీకమాసం వచ్చి జనం నీసు మానేశారు. అమ్మ ఇంట్లోనే ఉండి రోజూ బిళ్ళ వేసుకుంది. నెలాఖరున బందరు తీసుకెళ్తే డాక్టరు బీపీ చూసి మురిసిపోయాడు.

"నీకు బీపీ, షుగరు, పొట్ట, కొవ్వు అన్నీ ఉన్నాయి. ఇవన్నీ కలిస్తే రక్తనాళాలు గట్టిపడిపోతాయమ్మా. ఈ బిళ్ళ నీకు బాగా పనిచేస్తోంది, ఇదే వాడు."

"అట్టాగేనండీ," అంది అమ్మ. నేను అసలు సంగతి చెప్పబోయేలోగా ఆయన తర్వాతి పేషెంటును పిలిచాడు.

కార్తీకం వెళ్ళగానే జనం చేపల మీద పడ్డారు. అమ్మ మళ్ళీ గంప ఎత్తింది. ఓ ఆదివారం మంచి గిరాకీలో, చేప కోస్తూ కోస్తూ కత్తిపీట పక్కనే ఒరిగిపోయింది. మెదడులో నాళం మూసుకుపోయిందన్నారు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి.

పెద్దాసుపత్రిలో ఇంకో డాక్టరు నేను చెప్పిందంతా విని, "నీరు లాగని బిళ్ళలూ ఉన్నాయి. చెబితే మార్చేవారు కదమ్మా," అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఏం పని చేస్తావు, ఎక్కడ కూర్చుంటావు అని మీలో ఒక్కరైనా అడిగారా అని మొహం మీదే అనేశాను. ఆయన ఫోను చూసుకున్నాడు.

ఇప్పుడు రోజూ టిఫిను తర్వాత అమ్మ నోట్లో నేనే బిళ్ళ వేసి, గ్లాసుడు నీళ్ళు తాగిస్తాను. కాదనదు. ఎక్కడికీ లేవక్కర్లేదు, మంచం కోడుకి ఒంటేలు సంచి తగిలించి ఉంది.