తీతువు గుడ్ల చుట్టూ ముగ్గు

ఇవాళ పొద్దున దేవుడి దగ్గర దీపం పెడుతుంటే పెరటివైపు నుంచి తీతువు కూత వినిపించింది. ఒత్తి ఎగదోస్తూ, ఈ ఏడు ఎక్కడ గుడ్లు పెట్టిందో అనుకున్నాను. నాలుగేళ్ళ క్రితమైతే చెవులు మూసుకుని దండం పెట్టుకునేదాన్ని.

అప్పటికి మంగళగిరిలో మా కాలనీ నిండా ఇళ్ళకన్నా ఖాళీ స్థలాలే ఎక్కువ. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే ముందు, మిరపకాయలు మా పక్క స్థలంలోనే ఎండబోసేవాళ్ళం. ఆ ఎండాకాలం పట్టా పరవబోతే గులకరాళ్ళ మధ్య గులకరాళ్ళలాంటివే నాలుగు గుడ్లు కనబడ్డాయి. తీతువువి. ఆ పిట్ట అరిస్తే ఇంటికి కీడని మావైపు నమ్మకం. ఎదురింటి పిన్నిగారి కోడలికేమో నెలలు నిండుతున్నాయి. గుడ్లు తీసి అవతల పారేయించమని ఆవిడ పట్టుబట్టారు. ఆవిడ భయాన్ని తప్పు పట్టలేను, నా గుండెల్లోనూ దడగానే ఉంది.

మా ఆడపడుచు అప్పుడు మా ఇంట్లోనే ఉండి, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. ఆదివారాలు కాలనీవాళ్ళని వెంటేసుకుని చెట్టూ పుట్టా చూపించడం ఆమెకో పిచ్చి. మొదట్లో వెంట వెళ్ళింది నేనొక్కదాన్నే, అదీ మొహమాటానికి. ఆమె పిన్నిగారితో వాదించలేదు. మా వరండాలో కుర్చీ వేసి, "పారేద్దాం లెండి పిన్నిగారూ, ముందు రెండు రోజులు కూర్చుని చూడండి," అంది.

చూశాం. మిట్టమధ్యాహ్నం పిట్ట వీధి కుళాయి కింది మడుగు దాకా నడిచి వెళ్ళి, పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తడుపుకుంది. ఎందుకలా చేస్తోందని అడిగితే ఆడపడుచు చెప్పదు, నీకేమనిపిస్తోంది వదినా అని నన్నే అడుగుతుంది. చాలాసేపటికి పిన్నిగారే, "ఎండకి ఉడికిపోకుండా చల్లబరుస్తోందే," అన్నారు. మర్నాడు నలుగురొచ్చారు, ఆపై వారం పదిమంది. మిరపకాయలు మేడల మీదికి మారాయి.

గుడ్ల మీదికి బళ్ళు పోకుండా ఏదైనా గుర్తు పెట్టాలన్నప్పుడు, ముగ్గయితే ఎవరూ తొక్కరని నేనే అన్నాను. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, చీమలకింత మేత పెడితే పుణ్యమని అమ్మ నేర్పిన అలవాటుకొద్దీ బియ్యప్పిండితో వేశాను.

తెల్లారేసరికి పిన్నిగారి గొంతు. "ఏమ్మాయ్, పిల్లలు బయటికొచ్చే వేళకి చీమలకి విందు పెట్టావా?" నిజంగానే చీమలబారు గుడ్ల దాకా సాగింది. ఒక గుడ్డు అప్పటికే సన్నగా చిట్లి ఉంది. ఆవిడ చీపురందుకుని పిండి ఊడుస్తుంటే పిట్ట అరుస్తూ నెత్తిమీదికి దూకుతోంది. "నీకోసమేనే తల్లీ, కాస్త ఊరుకో," అంటూ ఆవిడ తలమీద కొంగు కప్పుకున్నారు. వెనకే నేను రాతిముగ్గు గీశాను, నా తెలివితక్కువతనానికి వాటిని శిక్షించకు నరసింహస్వామీ అనుకుంటూ.

సాయంత్రానికి మూడు పిల్లలు బయటపడ్డాయి. నాలుగోది ఎందుకు పగల్లేదో ఆడపడుచు కూడా తెలియదంది. నా తప్పేనేమోనని ఇప్పటికీ అనుమానం. పిన్నిగారు కోడల్ని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి మరీ చూపించారు. పై వారమే ఆ అమ్మాయి సుఖంగా ప్రసవించింది.

ఆ పిల్లలు పుట్టిన పూటే లేచి నడిచాయి. నాకు మాత్రం ఒక పిట్టవైపు తిన్నగా చూడటానికి సగం వయసు పట్టింది. ఆ మిగిలిన సగమైనా చేతిలో ఉంచినందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను.