ఇంటర్వ్యూ రోజు బోణీ

కాలేజీ చివరి ఏడాది మా క్లాసులోని వేప్పనపల్లి అమ్మాయి ఏ ఇంటర్వ్యూకు పోతున్నా, ముందు హోసూరు బజారులోని మా బట్టల అంగడికి వచ్చి ఒక చేతిరుమాలు కొనేది. మెట్టు ఎక్కకముందే అడిగేది, "బోణీ అయిందాప్పా?"

తన చేత్తో బోణీ అయితేనే ఉద్యోగం వస్తుందని ఆమె నమ్మకం. అందుకని ఆ పొద్దు ఆమెకన్నా ముందు వచ్చినవాళ్లకు రెండింతలు ధర చెప్పి పంపించేసేవాణ్ణి. బేరంలో గట్టివాణ్ణని బజారంతా నాకు పేరు. మా నాయన తల కొట్టుకునేవాడు, "బోణీ బేరం ఎవుడన్నా పోగొట్టుకుంటాడారా?"

రుమాలు మడిచి, విప్పి, మళ్లీ మడుస్తూ ఆమె ఇంటర్వ్యూలో చెప్పాల్సిందంతా నాకు ఒప్పజెప్పేది. "ఈసారీ రాకపోతే ఇంట్లో ఇంక పంపరప్పా" అనేది. ఉద్యోగం రావాలనే కోరుకున్నాను. వస్తే ఆమె ఇక రాదనీ తెలుసు.

ఒకనాడు మధ్యాహ్నం వచ్చింది. "సెలెక్ట్ అయినానప్పా, బెంగళూరులో. ఇంక నీ బోణీ నువ్వే చూసుకో" అని నవ్వింది. ఆ రోజు రుమాలు కొనలేదు.

ఇప్పుడు అంగడి నాదే. పొద్దున్నే మొదట వచ్చినవాళ్లకు నా నోరు ఇప్పటికీ రెండింతలే చెబుతుంది. వాళ్లు గొణుక్కుంటూ మెట్లు దిగిపోతారు. నేను రుమాళ్లు సర్దుతూ వీధి వైపు చూస్తాను.