నొప్పిని వసారాలోకి పంపినావిడ

మొన్న ఉదయం నందిగామ నుంచి మా మరదలు ఫోన్ చేసింది. "వదినా, మీ డాక్టరుగారు పోయారంట" అంది. స్టవ్ కట్టేసి గట్టు పట్టుకుని నిలబడిపోయాను. ఆవిడది ఎముకల్లోకి పాకిన క్యాన్సరని నాకు ముందే తెలుసు.

ఆవిడ నాకు సర్పి జబ్బు వల్ల పరిచయం. పక్కటెముకల మీద పొక్కులు మానాయి గాని మంట పోలేదు. చీర కొంగు తగిలినా నిప్పు రాసినట్టుండేది. ఎన్ని మందులు మార్చినా అంతంతమాత్రమే. మా అమ్మాయికి పాప పుడితే గుండెలకు హత్తుకోలేకపోయాను. ఉయ్యాల పక్కన కూర్చుని చూసేదాన్ని.

ఎవరో చెబితే జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో ఆవిడ దగ్గరకు వెళ్లాం. ఆవిడ హిప్నాసిస్ అనగానే మా ఆయన ముఖం మారింది. "వశీకరణమాండీ?" అని అడిగేశారు.

ఆవిడ నవ్వారు. "నిద్ర కూడా పుచ్చనండి. మీ ఆవిడ మెలకువగానే ఉంటారు. మీరూ ఇక్కడే కూర్చోండి."

నావైపు తిరిగి, "నొప్పి పోతుందని మాటివ్వలేనమ్మా. మందులు మానొద్దు. నొప్పి ఇప్పుడు నట్టింట్లో కూర్చుంది. వసారాలోకి పంపుదాం" అన్నారు.

హాయిగా ఉండే చోటేదని అడిగారు. మునేరు ఏట్లో నడుంలోతు నీళ్లన్నాను. కళ్లు మూయించి, ఊపిరి నెమ్మదిగా పీల్చి, కాస్త ఆగి, ఇంకా నెమ్మదిగా వదలమన్నారు. తొందరలేని గొంతుతో ఆ నీళ్లను నా పక్కటెముకల దాకా తెచ్చారు. చల్లదనం నిజంగానే తెలిసింది. కళ్లు తెరిచేసరికి మంట ఉంది గాని, దూరంగా ఉంది. ఇంట్లో సొంతంగా చేసుకోవడమూ నేర్పారు. ఒక్కోసారి ఎంత ప్రయత్నించినా కుదిరేది కాదు. వెళ్లి గోడు చెప్పుకుంటే, "కుదరని రోజు కుదరలేదనుకోండి. అది మీ తప్పు కాదు" అనేవారు.

చలికాలం వచ్చేసరికి పాపను ఎత్తుకున్నాను. మంట లేక కాదు. ఉన్నా ఎత్తుకున్నాను.

చివరిసారి వెళ్లినప్పుడు ఆవిడ మంచం మీద ఉన్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ నొప్పికి దుప్పటిని గుప్పిట పట్టేశారు.

"ఇవాళ నాకు నేను చెప్పుకోలేకపోతున్నా. మీరు చెప్పండమ్మా."

"నాకేం వచ్చండీ?"

"వినీ వినీ వచ్చేసే ఉంటుంది. చెప్పండి."

ఏ చోటని అడిగాను. "కంచికచర్లలో మా నాన్న సోడాకొట్టు. ఐసుపెట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడేదాన్ని."

నాకు చేతనైనట్టు చెప్పాను. వేళ్లకు తగిలిన ఐసు చల్లదనం మోచేతులకు, భుజాలకు, వీపుకు పాకుతోందని చెప్పాను. ఆవిడ గుప్పిట విడింది. కాసేపే. నేను లేచేసరికి మళ్లీ బిగుసుకుంది.

"ఆ కాసేపు చాలమ్మా" అన్నారు.

బస్సులో దారి పొడుగునా ఏడ్చాను.

ఫోన్ వచ్చిన రోజే వెళ్లాను. వాళ్లింటి హాల్లో ఆవిడను పడుకోబెట్టారు. వీరులపాడు నుంచి వచ్చిన ఒక రైతు, బురఖాలో ఒకామె, కర్ర ఊతంగా ఒక పెద్దాయన. అందరం ఆవిడ పేషెంట్లమే, ఒకరికొకరం అంతకుముందు తెలియదు. ఆవిడ పాదాల దగ్గర నిలబడి అందరం కళ్లు మూసుకున్నాం. పక్కవాళ్ల ఊపిరి వినిపించింది. నెమ్మదిగా లోపలికి, కాస్త ఆగి, అంతకంటే నెమ్మదిగా బయటికి.