ఫిట్స్ గోళీల కోసం దేరా దాకా

మా మల్లయ్య బావ ఫిట్స్ గోళీలు అయిపోబట్టి ఈ ప్రయాణం పడింది. డెబ్బై ఐదు నాటి మాట. రాస్ అల్ ఖైమా క్వారీలో నేను టైమ్‌కీపర్ని, బావది కంకర మిషన్ పైన, మూడంతస్తుల ఎత్తులో పని. జబ్బు సంగతి కంపెనీకి తెలిస్తే ఖలాస్, టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారు. అందుకే నాకు తప్ప ఎవరికీ తెలియదు. అక్కడి షాపుల్లో మందు దొరకలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక షేర్ టాక్సీ ఎక్కాం. తలా పది దిర్హాములు, దుబాయ్ దేరాకు రెండు గంటల దారి. "పోర్టులో జహాజులు లైన్ కట్టి ఉన్నాయి భాయ్, సిమెంటే దిగట్లేదు, మందులెక్కడివి?" అన్నాడు పఠాన్ డ్రైవరు. నీ నోట్ల మన్నువడ అని లోపల తిట్టుకున్నా.

దేరాలో షాపు షాపూ తిరిగాం, లేవన్నారు. చివరికి ఒక మలయాళీ షాపులో అడుగుపెడితే ఎదురుగా మా ముదీర్! క్వారీ మేనేజరు, ఇంగ్లండాయన. యూరప్ ఉమ్మడి మార్కెట్ నుంచి వాళ్ల దేశం బయటికి రావాలా వద్దా అని అక్కడ ఓట్లట. వస్తేనే బాగుపడతామని ఆయన, వస్తే అక్కడి నుంచొచ్చే మందులకు ఇంకా కటకట అవుతుందని షాపాయన, ఒకటే వాదన. ఆ ఇంగ్లీషు వాదన నేను తెలుగులో చెబితే బావ విసుక్కున్నాడు. "ఉంటె ఉండుమను, పోతె పొమ్మను. గోళీలున్నయా, అది అడుగు."

అడిగాను. షాపాయన ముదీర్ చేతిలోని సీసా చూపించాడు. "అదే ఆఖరుది. సార్ వాళ్ల పాపకు."

"మీకెవరికి?" అన్నాడు ముదీర్, వచ్చీరాని హిందీలో.

"ఊళ్లో మేనల్లుడికి సార్," అనేశా.

"అయితే ఊరికి పంపేలోపు కొత్త సరుకొస్తుందిలే," అని ఆయన గుమ్మం వైపు నడిచాడు. నేను చొక్కా పట్టి లాగుతున్నా బావ ఆగలేదు. "సాబ్! మేనల్లుడు గాదు. బీమారీ నాదే."

ముదీర్ ముఖం ఎర్రబడింది. "ఎంత ఎత్తులో పనిచేస్తున్నావో తెలుసా నీకు?" అని అరిచాడు. మళ్లీ కౌంటరు దగ్గరికొచ్చి, సీసా మూత తీసి, సగం గోళీలు కాగితంలో పొట్లం కట్టించాడు. "రేపటి నుంచి పైకెక్కితే ఊరుకోను. కింద లారీల తూకం దగ్గరుండు," అని వెళ్లిపోయాడు.

బావలా నిజం చెప్పేయండని నేను మీకు చెప్పలేను. ఇంకో ముదీర్ అయితే విమానం ఎక్కించేసేవాడే. పరాయి దేశం పోయేటప్పుడు మాత్రం రోజువారీ మందు రెండు నెలలకు ఎక్కువే కట్టుకోండి, డాక్టరు చీటీతో సహా. తిరుగు టాక్సీలో బావను తిట్టిపోశాను, పని పోయి ఉంటే ఏం చేద్దువని.

"పనైతె మల్ల దొరుకుతది," అన్నాడు బావ. "మీదికెళ్లి పడితె నేను దొరుకుతనా?"