గాలానికి ఏ రంగు

సిరిసిల్లలో మగ్గం నేసే పరశురాములు, బొంబాయి మిల్లులో ఉన్ననాళ్లు సముద్రపు ఒడ్డున గాలం వేసేవాడు. ఎరకు బదులు మసక నీళ్లకు ఎర్రపోగు, తేట నీళ్లకు తెల్లపోగు చుట్టడం అక్కడే అబ్బింది. ఇప్పుడు మానేరు వాగు ఒడ్డున కూర్చున్నా, పోగును ఉమ్మితో తడిపి, ఎండకు పట్టి చూడందే కట్టడు.

ఆ వానాకాలం అడవిలోని నక్సలైట్ అన్నల కోసం గాలింపు నడుస్తుండగా, ఒక పోలీసు ఆగి అతని గాలం పైకి లాగాడు. "ఎర్రదే ఎందుకు కట్టినవ్‌రా?" "బురద నీళ్లల్ల చాపకు గదే కనవడ్తది సారూ." మర్నాడు పరశురాములు పచ్చది కట్టాడు. "అడివిల వాళ్ల బట్టల రంగు గాదుర గిది?" అన్నాడు పోలీసు. మూడోనాడు పోగుల డబ్బా ముందేసుకుని, పొద్దెక్కేదాకా ఏదీ తేల్చుకోలేక, ఉత్త గాలమే వేశాడు. పోలీసు దాన్నీ లాగి చూశాడు. "ఏం కట్టలేదేందిరా? ఎందుకు?" పరశురాములు నీళ్లకేసి చూశాడు. ఎదురుగా ఉన్న నీళ్లు మసకో తేటో కూడా అతనికి తోచలేదు.