మూడు జబ్బులు, ఒకే సంచి

పొదిలి దగ్గర ఒక క్లినిక్‌లో ఆరేళ్లు కౌన్సెలర్‌గా పనిచేశాను. విదేశీ సాయంతో నడిచేది. హెచ్ఐవీ, టీబీ, షుగర్, మూడు పరీక్షలూ అక్కడే. ఒక జబ్బుకని వచ్చిన మనిషిని మిగతా రెండింటికీ చూడకుండా పంపేవాళ్లం కాదు.

ఒకరోజు మిరపకాయలకు తొడిమలు తీసే కూలామె కాలి పుండు చూపించుకోవడానికి వచ్చింది. భర్త అంతకుముందే ఏవో జ్వరాలతో పోయాడట. మాట్లాడుతున్నంతసేపూ దగ్గుతూనే ఉంది. తెమడ పరీక్ష చేయిద్దామన్నాను.

"ఇది కాయల ఘాటుకేనండి. మా వాళ్లందరికీ ఉంటది," అంది.

వారంలో తేలింది. మూడు జబ్బులూ ఉన్నాయి.

నెలనెలా వచ్చేది. మందులన్నీ ఒకే సంచిలో పెట్టి ఇచ్చేవాళ్లం. ఊళ్లో ఎవరడిగినా షుగర్ బిళ్లలని చెప్పుకునేది. పుండు మానింది, ఆరు నెలల కోర్సుతో టీబీ తగ్గి దగ్గు పోయింది. మళ్లీ పనికి వెళ్లింది.

అప్పుడు సాయం చేసే దేశం నుంచి డబ్బు ఆగిపోయింది. రెండు వారాల్లో క్లినిక్ మూసేశారు. రిజిస్టర్లు కూడా పట్టుకెళ్లారు. చివరి రోజు ఆమెకు రెండు చీటీలు రాసిచ్చాను. షుగర్‌కి వాళ్ల ఊరి దగ్గరి ఆరోగ్య కేంద్రం, హెచ్ఐవీ మందులకు ఒంగోలు పెద్దాసుపత్రి.

"అక్కడ ఆ జబ్బు వాళ్ల వరసలో నిలబడితే, మా ఊరోళ్లు ఎవరన్నా చూస్తే ఎట్టా మేడమ్?"

"మందు మాత్రం ఆపొద్దమ్మా," అన్నాను.

ఐదు నెలల తర్వాత మనసు ఆగక వాళ్ల ఊరు వెళ్లాను. మంచంలో ఉంది. నన్ను గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది. షుగర్ బిళ్లలు ఒక్కపూట కూడా మానలేదని వాళ్లక్క చెప్పింది. రెండో చీటీ సంగతి ఆవిడకు తెలియదు. ఆటో మాట్లాడి ఒంగోలు తీసుకెళ్లాను. హెచ్ఐవీ మందు ఆగిపోవడంతో టీబీ మళ్లీ వచ్చి మెదడుకు పాకిందన్నారు డాక్టరు. తొమ్మిదో రోజు చనిపోయింది.

చీటీలు రాసిన చేతులు నావే. తర్వాత, రిజిస్టర్లు లేవు కనుక, గుర్తున్నంత వరకు మిగతా పేషెంట్ల ఊళ్లకు బయలుదేరాను. కొందరు కూలికి వలసపోయారు. ఒక ఇంట్లో నన్ను చూడగానే తలుపు వేసేశారు. పక్కింటివాళ్లు చూస్తున్నారు మరి. ఇద్దరు మాత్రం నాతో ఒంగోలు బస్సెక్కారు. దారంతా ముగ్గురం వేరువేరు సీట్లలో, ఒకరికొకరం తెలియనట్టే కూర్చున్నాం.